డిపార్ట్‌మెంట్ క్లస్టర్ కంటే నా ల్యాప్‌టాపే నయం అనిపిస్తోంది, పెద్ద మెషిన్ కొనేయమంటారా?

విభాగం: ఇంజినీరింగ్ కంప్యూటింగ్ / వనరులు, సహాయం

ఉక్కు_దూలం (కొత్త సభ్యుడు), సోమవారం ఉదయం 10:12

అందరికీ నమస్కారం. స్ట్రక్చర్స్‌లో పీహెచ్‌డీకి ఈమధ్యే చేరాను. మా ల్యాబ్‌లో సొంతంగా రాసుకున్న ఫైనైట్ ఎలిమెంట్ కోడ్ (నిర్మాణాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించేది) ఒకటి ఉంది, సీనియర్లు ఏళ్లుగా వాడుతున్నదే. దాన్ని డిపార్ట్‌మెంట్ క్లస్టర్‌లో (చాలా సర్వర్లను కలిపి అందరూ పంచుకునేది) నడపమని గైడ్ గారు చెప్పారు. సీనియర్ ఇచ్చిన స్క్రిప్ట్‌తోనే 32 కోర్లు అడిగి పెట్టాను. క్యూలో చాలాసేపు ఆగి మొదలైంది. తీరా చూస్తే అదే మోడల్ నా పాత ల్యాప్‌టాప్‌లో అంతకంటే ముందే అయిపోతోంది!

క్లస్టర్ పాతబడిపోయిందా? 64 జీబీ ర్యామ్, గేమింగ్ గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న ల్యాప్‌టాప్ కొనేస్తే ఈ గొడవే ఉండదేమో అనుకుంటున్నాను. ఇంకో మాట. డిపార్ట్‌మెంట్‌లో ఏమేం ఉన్నాయో నోటీసులో పేర్లయితే రాశారు. ల్యాబ్ పీసీలు, వర్క్‌స్టేషన్లు, క్లస్టర్, లైసెన్స్ సర్వర్, స్టోరేజ్, హెల్ప్‌డెస్క్ అని. ఏది దేనికి వాడాలో, ఎవరిని అడగాలో మాత్రం ఎక్కడా లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెబితే మేలు.

---

రాత్రిపక్షి, సోమవారం ఉదయం 10:31

కొనేయ్ బ్రదర్, ఆలోచించకు. క్లస్టర్ అంటే క్యూలో నిలబడటమే. మా పేపర్ డెడ్‌లైన్ వారంలో ఎప్పుడు చూసినా "పెండింగ్", "పెండింగ్". సొంత మెషిన్ అయితే మనకు మనమే రాజు.

---

టెర్మినల్_తాత (ల్యాబ్ సిస్టమ్స్ ఇంజినీర్), సోమవారం ఉదయం 11:05

కొనేముందు కాస్త ఆగండి. ల్యాప్‌టాప్ కంటే నెమ్మదిగా నడిచిందంటే క్లస్టర్ పాతదని అర్థం కాదు, చాలాసార్లు జాబ్ సరిగా నడవలేదని. ఊహలతో పని లేదు, లెక్క చూద్దాం. అయిపోయిన జాబ్ నంబర్ పక్కన పెట్టి "సెఫ్" అని ఒక కమాండ్ కొట్టండి. మీ క్లస్టర్‌లో స్లర్మ్ (జాబ్‌లను క్యూలో పెట్టి నోడ్లకు, అంటే క్లస్టర్‌లోని సర్వర్లకు, పంచే సాఫ్ట్‌వేర్) ఉంటే అదీ చాలావరకు ఉంటుంది. సీపీయూ ఎంత వాడిందో, మెమరీ ఎంత వాడిందో రెండు శాతాలు చూపిస్తుంది. ఆ రెండూ ఇక్కడ పెట్టండి. సెఫ్ లేకపోతే "ఎస్ఏక్ట్" నుంచి లాగొచ్చు, కాస్త ఎక్కువ టైప్ చేయాలి అంతే.

ఇంకోటి, జాబ్ ఎక్కడ నడిపారు? లాగిన్ నోడ్ (అందరూ మొదట లాగిన్ అయ్యే మెషిన్) మీద నేరుగా కాదు కదా?

---

ద్రవగతి, సోమవారం ఉదయం 11:20

తాత గారు అడిగింది చెప్పేలోపు ల్యాప్‌టాప్ గురించి ఒక మాట. పెద్ద సిమ్యులేషన్ రాత్రంతా నడిపితే ల్యాప్‌టాప్ వేడెక్కి క్లాక్ స్పీడ్ తనంతట తానే తగ్గించుకుంటుంది. మొదటి పది నిమిషాల్లో కనిపించే వేగం చివరిదాకా ఉండదు. మూత వేస్తే స్లీప్‌లోకి పోతుంది. అప్‌డేట్ అని రీస్టార్ట్ అయితే పనంతా పోతుంది.

మాది ఫ్లూయిడ్స్. మాకు సుమారుగా పది లక్షల సెల్స్‌కి (లెక్క కోసం విడగొట్టే చిన్న గదులు, అన్నీ కలిస్తే మెష్) 1 నుంచి 2 జీబీ దాకా ర్యామ్ పడుతుంది, సాల్వర్‌ని (లెక్క చేసే ప్రోగ్రామ్) బట్టి మారుతుంది. మూడు నాలుగు కోట్ల సెల్స్ మెష్ అంటే 64 జీబీ ల్యాప్‌టాప్ అక్కడే ఆగిపోవచ్చు. మీ మోడల్ చిన్నదైతే మాత్రం ఆ బాధ లేదు.

---

ఉక్కు_దూలం, సోమవారం మధ్యాహ్నం 12:44

లాగిన్ నోడ్ మీద కాదు సర్, స్క్రిప్ట్‌తో ఎస్‌బ్యాచ్ (జాబ్‌ని క్యూలో పెట్టే కమాండ్) ద్వారానే పెట్టాను. సెఫ్ చూపించింది ఇదీ:

సీపీయూ ఎఫిషియెన్సీ: 3.1 శాతం
మెమరీ ఎఫిషియెన్సీ: 6 శాతం (అడిగింది 128 జీబీ)

3 శాతమా? మిగతా 97 ఏమైపోయినట్టు?

---

టెర్మినల్_తాత, సోమవారం మధ్యాహ్నం 12:58

వందని 32తో భాగించండి. 3.125 వస్తుంది. అంటే మీరు 32 కోర్లు తీసుకున్నారు, పనిచేసింది ఒక్కటే. మిగతా 31 ఊరికే కూర్చున్నాయి. వాటిని ఇంకెవరికీ ఇవ్వడానికి కూడా లేదు, మీ పేరు మీద రిజర్వ్ అయ్యాయి కాబట్టి.

ల్యాప్‌టాప్ గెలవడానికి కారణం కూడా ఇదే. సర్వర్ ప్రాసెసర్లలో కోర్లు చాలా ఉంటాయి గానీ ఒక్కో కోర్ క్లాక్ స్పీడ్ తక్కువ. ల్యాప్‌టాప్‌లో ఒక్క కోరే పనిచేస్తుంటే అది టర్బోలో పైకి ఎగురుతుంది. ఒక కోర్‌తో ఒక కోర్‌కి పందెం పెడితే ల్యాప్‌టాపే ముందుంటుంది, ఇందులో వింతేమీ లేదు.

స్క్రిప్ట్‌లో "ఓఎంపీ_నమ్_థ్రెడ్స్" అనే లైన్ (ఎన్ని థ్రెడ్లు, అంటే పక్కపక్కన నడిచే పనులు, లేపాలో చెప్పేది) ఉందేమో వెతకండి. దాని విలువ ఎంతుందో చెప్పండి.

---

ఉక్కు_దూలం, సోమవారం మధ్యాహ్నం 1:10

ఉంది సర్. ఈక్వల్ టు 1 అని ఉంది. ల్యాబ్‌లో అందరం ఈ స్క్రిప్టే కాపీ చేసుకుంటున్నాం!

---

అంకెలగారడి, సోమవారం మధ్యాహ్నం 1:37

దాన్ని పెట్టినవాళ్లను తిట్టొద్దు, వాళ్లు పెట్టినప్పుడు అది సరైన లైనే అయి ఉంటుంది. ఒకప్పుడు మీ కోడ్ ఎంపీఐతో (పనిని వేర్వేరు ప్రాసెస్‌లకు పంచే పద్ధతి) నడిచేదేమో. 32 ప్రాసెస్‌లు లేపి, ఒక్కో ప్రాసెస్ మళ్లీ 32 థ్రెడ్లు లేపితే 1024 అయి నోడ్ ఊపిరాడక చస్తుంది. అలా కాకుండా ప్రతి ప్రాసెస్‌కి ఒక్క థ్రెడ్ చాలని 1 పెడతారు. తర్వాత ఎవరో కోడ్‌ని ఓపెన్ఎంపీకి (ఒకే ప్రాసెస్‌లో థ్రెడ్లకు పంచే పద్ధతి) మార్చి ఉంటారు, స్క్రిప్ట్ మార్చడం మర్చిపోయి ఉంటారు. స్క్రిప్టులు ఇలాగే తరాలు దాటొస్తాయి, లోపల ఏముందో ఎవరూ చదవరు.

ఆ 1 తీసేసి స్లర్మ్‌ని అడిగిన కోర్ల సంఖ్యనే అక్కడికి వచ్చేలా పెట్టండి. "స్లర్మ్_సీపీయూస్_పర్_టాస్క్" అనే వేరియబుల్ ఉంటుంది, దాన్ని రాస్తే రెండు చోట్ల మార్చే పని ఉండదు.

తర్వాత ఒక పని తప్పక చేయండి. ఒకే మోడల్‌ని 1, 8, 16, 32 కోర్లతో నడిపి టైమ్ రాసుకోండి. 32 ఉన్నాయి కదా అని 32 అడగడం అలవాటు చేసుకోవద్దు.

---

ఉక్కు_దూలం, మంగళవారం ఉదయం 9:26

రాత్రి నడిపాను. ఒక కోర్‌తో పోలిస్తే 8 కోర్లకు దాదాపు 6 రెట్లు, 16కి 9 రెట్లు, 32కి 11 రెట్లు కూడా రాలేదు. ల్యాప్‌టాప్ ఇప్పుడు ఎక్కడో వెనక ఉండిపోయింది 🙂

కానీ 16 నుంచి 32కి వెళ్తే ఇంత తక్కువ లాభం ఎందుకు? కోర్లు రెట్టింపయ్యాయి కదా.

---

అంకెలగారడి, మంగళవారం ఉదయం 10:02

కంప్యూటర్ ఇంజినీర్ జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పిన లెక్క ఇది. ప్రోగ్రామ్‌లో కొంత భాగం ఒకదాని తర్వాత ఒకటిగానే నడవాలి: ఫైల్ చదవడం, మాట్రిక్స్ కూర్చడంలో కొన్ని మెట్లు, ఫలితాలు రాయడం. ఆ భాగం 5 శాతమే అనుకుందాం. అప్పుడు లక్ష కోర్లు ఇచ్చినా 20 రెట్లు దాటదు. 8 కోర్లకు 5.9, 16కి 9.1, 32కి 12.5 రావాలి. మీ మొదటి రెండు అంకెలు సరిగ్గా దీని మీదే కూర్చున్నాయి. 32 దగ్గర ఇంకాస్త తగ్గడానికి మెమరీ కారణం అయి ఉండొచ్చు. కోర్లన్నీ ఒకే మెమరీ నుంచి డేటా లాగుతాయి, ఆ దారి నిండిపోయాక ఇంకో కోర్ వచ్చినా చేసేదేమీ ఉండదు. స్ట్రక్చర్స్ సాల్వర్లలో ఇది మామూలే.

నా సలహా 16 అడగండి. రెండు మోడళ్లు ఉంటే చెరో 16తో ఒకేసారి పెట్టండి, ఒకదాని తర్వాత ఒకటి 32తో నడిపే దానికంటే ముందే రెండూ అయిపోతాయి.

---

టెర్మినల్_తాత, మంగళవారం ఉదయం 10:30

అలాగే 128 జీబీ ఎందుకు అడిగారు? 6 శాతం వాడారంటే 8 జీబీ కూడా కాదు. 12 అడిగితే చాలు, కాస్త మిగులు ఉంటుంది. మరీ బిగించి అడగొద్దు, అడిగినదానికంటే ఎక్కువ వాడగానే జాబ్‌ని సిస్టమ్ చంపేస్తుంది. స్టేటస్‌లో "అవుట్ ఆఫ్ మెమరీ" అని గానీ, ఎగ్జిట్ కోడ్ 137 గానీ కనిపిస్తే అదే జరిగిందని ముందు అనుమానించండి. 128కి 9 కలిపితే 137. ఆ 9 అంటే ప్రాసెస్‌ని బలవంతంగా చంపే సిగ్నల్.

రాత్రిపక్షి గారూ, క్యూ గురించి మీరన్నదానికి ఇక్కడే జవాబుంది. స్లర్మ్ పెద్ద జాబ్ కోసం నోడ్లు ఖాళీ అయ్యేదాకా ఎదురుచూస్తుంటుంది కదా, ఆ మధ్యలో మిగిలిన ఖాళీల్లో చిన్న జాబ్‌లను దూరుస్తుంది. దాన్ని బ్యాక్‌ఫిల్ అంటారు. అయితే మీ జాబ్ ఎంతసేపు పడుతుందో మీరు చెబితేనే ఆ ఖాళీలో పడుతుందో లేదో దానికి తెలిసేది. అందరూ గరిష్ఠంగా ఎంత ఇస్తారో అంతే అడుగుతారు. మూడు గంటల పనికి మూడు రోజులు అడిగితే మీ జాబ్ ఏ సందులోనూ పట్టదు.

---

రాత్రిపక్షి, మంగళవారం ఉదయం 10:41

అది ఒప్పుకుంటా. కానీ టైమ్ తక్కువ అడిగితే మధ్యలో కట్ చేస్తుంది, అప్పుడు పనంతా గంగలో. ఈ టెన్షన్‌తోనే అందరం గరిష్ఠం పెడతాం.

---

ద్రవగతి, మంగళవారం ఉదయం 10:55

చెక్‌పాయింట్ రాయించుకుంటే ఆ భయం ఉండదు. ప్రతి కొన్ని వందల స్టెప్పులకు సొల్యూషన్ సేవ్ చేయించి, మళ్లీ అక్కణ్నుంచే మొదలయ్యేలా పెట్టుకోవాలి. కమర్షియల్ సాల్వర్లలో చాలావాటిలో ఉంటుంది. ఓపెన్‌ఫోమ్‌లో (ఉచిత ఫ్లూయిడ్స్ సాఫ్ట్‌వేర్) అయితే "లేటెస్ట్ టైమ్" నుంచి మొదలుపెట్టమంటే చాలు. అప్పుడు పెద్ద రన్‌ని చిన్న ముక్కలుగా వరసలో పెట్టుకోవచ్చు, ఒకటి అయ్యాకే రెండోది మొదలయ్యేలా డిపెండెన్సీ ఇవ్వొచ్చు. ఒక్కోసారి పెద్ద జాబ్ ఒక్కటి పెట్టేదానికంటే ఇలానే ముందు పూర్తవుతుంది.

---

తీగల_పందిరి, మంగళవారం మధ్యాహ్నం 2:15

కోర్లు, క్యూ అంటున్నారు గానీ మా ఎలక్ట్రికల్ వాళ్ల అసలు ఏడుపు లైసెన్స్. మాట్‌ల్యాబ్ ఓపెన్ అవుతుంది, తీరా ఏదైనా టూల్‌బాక్స్ (విడిగా లైసెన్స్ కావాల్సిన అదనపు ప్యాకేజీ) ఫంక్షన్ పిలవగానే ఎర్రర్ మైనస్ 4. సీట్లన్నీ నిండాయట. ల్యాబ్‌లోకి వెళ్లి చూస్తే నలుగురు స్క్రీన్ లాక్ చేసి టీకి వెళ్లారు, మాట్‌ల్యాబ్ తెరిచే ఉంది. వాళ్లు వచ్చేదాకా మనం గోళ్లు గిల్లుకోవాలి.

---

టెర్మినల్_తాత, మంగళవారం మధ్యాహ్నం 2:48

ఈ బాధ అన్ని చోట్లా ఉంది. ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం తగ్గుతుంది.

టూల్‌బాక్స్ సీట్ మీరు ప్రోగ్రామ్ తెరవగానే పట్టుకోదు, దాని ఫంక్షన్ మొదటిసారి పిలిచినప్పుడు పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే ఇక మాట్‌ల్యాబ్ మూసేదాకా వదలదు. కాబట్టి ఒక్క గ్రాఫ్ కోసం ఖరీదైన టూల్‌బాక్స్ ఫంక్షన్ పిలిచి, రోజంతా విండో తెరిచి పెట్టినవాళ్లే సీట్లు తినేస్తున్నారు.

ఎవరు పట్టుకున్నారో తెలుసుకోవాలంటే "ఎల్ఎమ్‌స్టాట్" కమాండ్ ఉంది. ఏ యూజర్, ఏ మెషిన్, ఎప్పటినుంచి అన్నీ చూపిస్తుంది. చూశాక గొడవకు పోకుండా మర్యాదగా అడగండి.

మైనస్ 4 అంటే సీట్లు లేవని. మైనస్ 15 అంటే అసలు సర్వర్‌కే చేరలేదని. ఈ రెండోదానికి ఎదురుచూసి లాభం లేదు, నెట్‌వర్క్ గానీ వీపీఎన్ గానీ చూడాలి. ఈ రెండింటినీ కలిపేసి "మాట్‌ల్యాబ్ పనిచేయడం లేదు" అని పంపే టికెట్లే నాకు ఎక్కువ వస్తాయి.

అడ్మిన్ వైపు చేయగలిగినవి రెండున్నాయి. లైసెన్స్ సర్వర్ ఆప్షన్స్ ఫైల్‌లో టైమవుట్ పెడితే, ఆ సాఫ్ట్‌వేర్ దానికి ఒప్పుకునేదైతే, ఖాళీగా ఉన్న సీట్ తిరిగి వస్తుంది. రెండోది, స్లర్మ్‌కి లైసెన్సుల లెక్క చెప్పి ఉంచితే, మీ జాబ్ సీట్ లేక మొదట్లోనే చచ్చిపోదు, సీట్ దొరికేదాకా క్యూలోనే ఆగుతుంది. మీ డిపార్ట్‌మెంట్‌లో ఇవి పెట్టారేమో అడగండి. పెట్టకపోతే పెట్టమని అడగండి, అడిగితేనే పనులవుతాయి.

---

తీగల_పందిరి, మంగళవారం మధ్యాహ్నం 3:05

ధన్యవాదాలు తాతగారూ, ఎల్ఎమ్‌స్టాట్ ఉందని ఇప్పుడే తెలిసింది. ఒక ప్రశ్న, రాత్రిళ్లు నడపాలంటే విండో తెరవకుండా కుదురుతుందా?

---

అంకెలగారడి, మంగళవారం మధ్యాహ్నం 3:11

కుదురుతుంది. "మాట్‌ల్యాబ్ మైనస్ బ్యాచ్" అని స్క్రిప్ట్ పేరు ఇవ్వండి, ఆర్2019ఏ నుంచి ఉంది. పని అయిపోగానే మూసుకుంటుంది, సీట్ కూడా వదులుతుంది. టూల్‌బాక్స్ అక్కర్లేని పనులకు ఆక్టేవ్ వాడండి. సర్క్యూట్లకు ఎన్‌జీస్పైస్, బోర్డులకు కైక్యాడ్. అన్నీ సరిగ్గా సమానమని అనను, కోర్సు అసైన్‌మెంట్లకు మాత్రం ధారాళంగా సరిపోతాయి.

---

ఫైనలియర్_బ్యాచ్, మంగళవారం సాయంత్రం 6:20

సర్/మేడమ్, నేను బీటెక్ ఫైనల్ ఇయర్. ల్యాబ్ పీసీ డెస్క్‌టాప్ మీద ప్రాజెక్ట్ ఫోల్డర్ పెట్టాను. ఈరోజు వచ్చి చూస్తే లేదు. ఎవరైనా డిలీట్ చేశారా? రికవర్ అవుతుందా?

---

టెర్మినల్_తాత, మంగళవారం సాయంత్రం 6:34

ఎవరూ డిలీట్ చేసి ఉండరు తల్లీ/నాయనా. చాలా కాలేజీల ల్యాబ్ పీసీల్లో రీస్టార్ట్ అవగానే మొదటి స్థితికి తిరిగి వచ్చే సాఫ్ట్‌వేర్ పెడతారు. వంద మంది వాడే మెషిన్‌ని శుభ్రంగా ఉంచడానికి అంతకంటే మార్గం లేదు. దాని మీద పెట్టినది ఏదైనా రీస్టార్ట్‌తో పోతుంది, తిరిగి రాదు. మీ లాగిన్‌తో వచ్చే నెట్‌వర్క్ డ్రైవ్ ఉంటుంది, ఎక్కువగా హెచ్ అనో జెడ్ అనో కనిపిస్తుంది. అక్కడే పెట్టండి. కోడ్ అయితే గిట్‌లో (కోడ్ మార్పులన్నీ దాచి ఉంచే సాధనం) పెట్టుకోండి.

ముందు ల్యాబ్ అసిస్టెంట్ దగ్గరకు ఒకసారి వెళ్లండి. కొన్ని ల్యాబ్‌లలో వేరే పార్టిషన్ తెరిచి ఉంచుతారు, అదృష్టం బాగుంటే అందులో సేవ్ అయి ఉండొచ్చు.

---

ఫైనలియర్_బ్యాచ్, మంగళవారం సాయంత్రం 7:15

డీ డ్రైవ్‌లో దొరికింది సర్!! నిన్నటి కాపీ కాదు గానీ చాలావరకు ఉంది. చాలా థాంక్స్.

---

ద్రవగతి, బుధవారం ఉదయం 9:50

స్టోరేజ్ మాట వచ్చింది కాబట్టి ఉక్కు_దూలం గారు అడిగిన "ఏది దేనికి" అన్నదానికి జవాబులో ముఖ్యమైన ముక్క ఇదే. క్లస్టర్‌లో మూడు చోట్లు ఉంటాయి, పేర్లు మారొచ్చు.

హోమ్: చిన్నది, కోటా ఉంటుంది, చాలాచోట్ల బ్యాకప్ ఉంటుంది. స్క్రిప్టులు, కోడ్, థీసిస్ ఇక్కడ. స్క్రాచ్: పెద్దది, వేగమైనది, బ్యాకప్ లేదు. నడుస్తున్న జాబ్ ఫైళ్లకు మాత్రమే. కొన్ని వారాలు ముట్టుకోని ఫైళ్లను సిస్టమ్ తనే తుడిచేస్తుంది, గడువు ఎంతో లాగిన్ అయినప్పుడు వచ్చే మెసేజ్‌లోనే రాస్తారు, మనమే చదవం. మూడోది ప్రాజెక్ట్ లేదా గ్రూప్ ఫోల్డర్, గైడ్ పేరు మీద ఉంటుంది, టీమ్ అంతా పంచుకునేది.

హోమ్ కోటాలో ఇంకో మెలిక ఉంది. జీబీలు మిగిలే ఉంటాయి, అయినా "కోటా మించింది" అంటుంది. ఫైళ్ల సంఖ్యకు కూడా హద్దు ఉంటుంది. కొండా ఎన్విరాన్‌మెంట్లు (పైథాన్ లాంటి సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల విడివిడి సెట్లు) నాలుగైదు పెట్టుకుంటే చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లోకి వెళ్తాయి. వాడనివి తీసేయండి.

రెయిడ్ (డేటాని చాలా డిస్కుల్లో కలిపి ఉంచే ఏర్పాటు) ఉందిగా, మా సర్వర్‌లో డేటా పోదు అనేవాళ్లను నమ్మకండి. రెయిడ్ డిస్క్ చెడిపోతే కాపాడుతుంది. మీరే పొరపాటున ఆర్ఎమ్ (ఫైళ్లు తుడిచే కమాండ్) కొడితే, అన్ని డిస్కుల్లోనూ ఒకేసారి శ్రద్ధగా తుడిచేస్తుంది.

---

రాత్రిపక్షి, బుధవారం ఉదయం 11:12

అన్నీ బాగానే చెబుతున్నారు, హెల్ప్‌డెస్క్ సంగతి ఎవరూ ఎత్తరేం? టికెట్ వేస్తే "మరిన్ని వివరాలు పంపండి" అని వస్తుంది. మళ్లీ పంపితే రెండు రోజులు మౌనం. అందుకే మా ల్యాబ్‌లో అందరం ఒక సీనియర్ అన్న మీద పడి బతుకుతున్నాం. ఆ అన్న థీసిస్ సబ్మిట్ చేస్తే మా గతి అధోగతి.

---

టెర్మినల్_తాత, బుధవారం ఉదయం 11:58

మౌనానికి మా వైపు కూడా కారణాలున్నాయి, కాదనను. పెద్ద డిపార్ట్‌మెంట్‌కి కూడా ఒకరో ఇద్దరో ఉంటాం. ప్రింటర్ దగ్గర్నుంచి స్టోరేజ్ దాకా అన్నీ మావే. అయితే "వివరాలు పంపండి" అని ఎందుకు వస్తుందో ఒక ఉదాహరణ చూడండి.

"సర్ క్లస్టర్ పనిచేయట్లేదు అర్జెంట్" అని, దానికి తోడు ఫోన్‌తో ఏటవాలుగా తీసిన స్క్రీన్ ఫొటో. అందులో చివరి రెండు లైన్లే కనిపిస్తాయి. అసలు ఎర్రర్ వాటికి పైన ఎక్కడో ఉంటుంది. దీంతో నేనేం చేయగలను?

ఇంకోలా వచ్చింది: "జాబ్ నంబర్ ఫలానా, ఈ నోడ్ మీద, నిన్న రాత్రి 11 ప్రాంతంలో ఆగింది. ఇదే ఇన్‌పుట్ పోయిన వారం నడిచింది. మధ్యలో మాడ్యూల్ వెర్షన్ మార్చాను. స్క్రిప్ట్, పూర్తి లాగ్ ఈ ఫోల్డర్‌లో ఉన్నాయి, చదవడానికి అనుమతి ఇచ్చాను." ఇలాంటి దానికి నేను టీ తాగేలోపే జవాబు రాసేస్తాను. జాబ్ నంబర్ ఒక్కటి ఉన్నా సగం పని అయినట్టే. దాంతో లాగ్స్ నేనే లాగుకోగలను.

ఎవరిని అడగాలన్నది కూడా చూసుకోండి. ఈమెయిల్, వైఫై, పాస్‌వర్డ్, ఓటీపీ యూనివర్సిటీ ఐటీ వాళ్లవి. క్లస్టర్, ల్యాబ్ పీసీలు, లైసెన్సులు డిపార్ట్‌మెంట్ వాళ్లవి. మీ కోడ్ లోపల తప్పు జవాబు వస్తే అది గైడ్‌ది, మీది. వైఫై రాలేదని నాకు రాసిన టికెట్‌ని నేను వాళ్లకు పంపి, వాళ్లు తిరిగి మీకు రాసేసరికి పొద్దుపోతుంది.

సుడో (అడ్మిన్ హక్కులతో కమాండ్లు నడిపే) అనుమతి అడగొద్దని కూడా ఇక్కడే చెప్పేస్తున్నా. ఇవ్వం. డాకర్ (సాఫ్ట్‌వేర్‌ని దానికి కావలసినవాటితో కలిపి ఒక ఇమేజ్‌గా ప్యాక్ చేసేది) కావాలంటే ఆప్‌టెయినర్ వాడండి, ఒకప్పుడు సింగ్యులారిటీ అనేవాళ్లు. డాకర్ ఇమేజ్‌నే తీసుకుని, రూట్ హక్కులు లేకుండానే నడుపుతుంది.

---

రాత్రిపక్షి, బుధవారం మధ్యాహ్నం 12:20

ఫొటో తీసి పంపేవాళ్లలో మా ల్యాబ్ సగం ఉంటుంది, ఈ పోస్ట్ గ్రూప్‌లో పెడుతున్నా. అయినా రెండు రోజుల మౌనం సంగతి మాత్రం నేను వదలను తాతగారూ. "చూశాం, గురువారం చూస్తాం" అని ఒక్క ముక్క రాసినా మనసు కుదుటపడుతుంది.

---

టెర్మినల్_తాత, బుధవారం మధ్యాహ్నం 12:31

అది న్యాయమైన మాట. మా వాళ్ల మీటింగ్‌లో పెడతాను.

---

సూక్ష్మదర్శి, బుధవారం మధ్యాహ్నం 3:40

మెటీరియల్స్ నుంచి ఒక చిన్న చేర్పు. పరికరాలకు తగిలించిన పీసీలను మర్చిపోకండి. మా దగ్గర ఒక మైక్రోస్కోప్ సాఫ్ట్‌వేర్ విండోస్ 7 మీదే నడుస్తుంది. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరిలోనే ఆగిపోయింది. కొత్త వెర్షన్ కావాలంటే పరికరమే మార్చాలి. అలాంటి పీసీని నెట్‌వర్క్ నుంచి విడదీసి ఉంచారు, డేటా మధ్యలో ఇంకో మెషిన్ ద్వారా బయటికి వస్తుంది. "నెట్ ఎందుకు లేదు" అని కేబుల్ తెచ్చి పెట్టేవాళ్లు ఉంటారు. దయచేసి పెట్టొద్దు.

---

ఉక్కు_దూలం, గురువారం ఉదయం 9:05

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. ల్యాబ్‌లో స్క్రిప్ట్ మార్చి అందరికీ పంపాను. 16 కోర్లు, 12 జీబీ, నాలుగు గంటలు అడిగితే నిన్న పెట్టిన వెంటనే మొదలైంది.

ఇక ల్యాప్‌టాప్ కొనాలా వద్దా? గేమింగ్ కార్డ్ ఉంటే కోడ్‌ని జీపీయూ మీదకు మార్చొచ్చని ఒక స్నేహితుడు అంటున్నాడు.

---

అంకెలగారడి, గురువారం ఉదయం 9:48

మీ కోడ్ డబుల్ ప్రెసిషన్ (ఒక్కో సంఖ్యకు 64 బిట్లు, సింగిల్ అయితే 32) కదా? గేమింగ్ కార్డులు సింగిల్ ప్రెసిషన్‌లో దూసుకుపోతాయి. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 30, 40 సిరీస్‌లలో డబుల్ ప్రెసిషన్ వేగం దానిలో 64వ వంతే. డేటా సెంటర్ కార్డ్ ఏ100లో అది సగం ఉంటుంది, 9.7 టెరాఫ్లాప్స్ (సెకనుకు లక్షల కోట్లలో లెక్కలు). న్యూరల్ నెట్‌వర్క్ శిక్షణకు గేమింగ్ కార్డ్ బాగానే పనికొస్తుంది, మీ పనికి అంతగా కాదు. పైగా కోడ్ మార్చడమే ఒక ప్రాజెక్ట్ అవుతుంది. మీ క్లస్టర్‌లో ఏ100 ఉంటే దాన్ని ఏడు ముక్కల దాకా విడగొట్టి ఇచ్చే వీలుంటుంది, ప్రయోగానికి ఒక చిన్న ముక్క అడిగి చూడండి.

---

ద్రవగతి, గురువారం ఉదయం 10:10

బరువు తక్కువ, బ్యాటరీ ఎక్కువ, 16 జీబీ ర్యామ్, మంచి కీబోర్డ్, అంతే. ల్యాప్‌టాప్ మీరు క్లస్టర్‌తో మాట్లాడే కిటికీ మాత్రమే. ఎస్ఎస్‌హెచ్ కీ (దూరం నుంచి భద్రంగా లాగిన్ అవడానికి) పెట్టుకోండి, టీమక్స్ నేర్చుకోండి. నెట్ తెగినా సెషన్ బతికే ఉంటుంది. చిన్న మోడళ్లు డీబగ్ చేసుకోవడానికి మీ పాతదే చాలేమో కూడా చూడండి.

---

ఉక్కు_దూలం, గురువారం ఉదయం 10:32

అయితే ప్రస్తుతానికి కొనడం లేదు. ఇంకొక్క సందేహం. మా మెష్ ఫైళ్లన్నీ ఒక అక్క హోమ్ ఫోల్డర్‌లో ఉన్నాయి, అక్కణ్నుంచే అందరం చదువుతున్నాం. ఆవిడ వచ్చే నెల డిగ్రీ పూర్తి చేసుకుని వెళ్లిపోతున్నారు. ఏమైనా ఇబ్బందా?

---

టెర్మినల్_తాత, గురువారం ఉదయం 10:41

ఇబ్బందే. అకౌంట్ మూయగానే ఆ హోమ్ మీకు కనిపించదు, కొంత గడువు తర్వాత తుడిచేస్తారు కూడా. ఆవిడ ఉండగానే గ్రూప్ ఫోల్డర్‌లోకి కాపీ చేయించండి. ఆర్‌సింక్ (ఫైళ్లు కాపీ చేసే కమాండ్) వాడండి, అయ్యాక చెక్‌సమ్‌తో (ఫైల్ మారలేదని చూపే అంకె) ఇంకోసారి సరిచూడండి. గ్రూప్ ఫోల్డర్ లేకపోతే మీ గైడ్ గారు ఒక్క మెయిల్ పెడితే తెరుస్తారు. స్టూడెంట్ అడిగితే కుదరదు, వాళ్లే అడగాలి. తర్వాత మీ స్క్రిప్టుల్లో పాత దారి ఎక్కడెక్కడ రాసి ఉందో "గ్రెప్"తో వెతికి మార్చండి. ఆవిడ వెళ్లాక నాకు టికెట్ వేస్తే, ఆవిడ రాతపూర్వక అనుమతి లేకుండా నేను ఆ ఫోల్డర్ తెరవలేను.

---

ఉక్కు_దూలం, గురువారం ఉదయం 10:50

ఇప్పుడే అక్కకి ఫోన్ చేశాను. సాయంత్రం ఇద్దరం కూర్చుని కాపీ చేస్తాం. గైడ్ గారితో మెయిల్ కూడా పెట్టిస్తున్నా.

---

ఫైనలియర్_బ్యాచ్, గురువారం మధ్యాహ్నం 1:22

సర్, సంబంధం లేని ప్రశ్న, ఏ0 పోస్టర్ డిపార్ట్‌మెంట్ ప్లాటర్‌లో ప్రింట్ చేస్తారా? రేపే కావాలి.

---

టెర్మినల్_తాత, గురువారం మధ్యాహ్నం 1:30

ప్లాటర్ ఉంటే చేస్తారు, రేపటికి అంటే మాత్రం ఇప్పుడే వెళ్లండి. పేజీ సైజ్ 841 బై 1189 మిల్లీమీటర్లు పెట్టి పీడీఎఫ్‌గానే తీసుకెళ్లండి, ఫాంట్లు ఎంబెడ్ చేయండి. తెలుగు అక్షరాలు ఉంటే ఇది ఇంకా ముఖ్యం, లేకపోతే పోస్టర్ నిండా డబ్బాలు వస్తాయి.